తాడు ఎవరు పట్టాలి

దిగేవాళ్ళు ఇద్దరు, దిగనివాళ్ళు ముగ్గురు. మా అండమాను ప్రయాణం ఆ పంపకంతోనే మొదలైంది. దిగేవాళ్ళు నా కూతురూ, అల్లుడూ. దిగనివాళ్ళం నేనూ, నా వియ్యపురాలూ, నా మరిదీ. వాళ్ళిద్దరూ సముద్రం అడుగుకి వెళ్ళి పగడాలూ చేపలూ చూసి రావాలట. అంతసేపూ మేం ముగ్గురం అద్దాల అడుగు ఉన్న పడవలో కూర్చుని పైనుంచి చూడాలట. ఎండెక్కాక ఇసకలో చాపలు వేసుకుని కొబ్బరిబొండాలు తాగాలట. అల్లుడు మా ఇంటి గచ్చు మీద మ్యాపు పరిచి, దీవి మీద వేలు పెట్టి చెప్పాడు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నా మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నాకే తెలియదు, ఆమె వరసలో పెడుతుంది. తాడు సంగతి మాత్రం నేను చెప్పినట్టే రాయమన్నాను.

మా ఆయన పోర్టులో కాంట్రాక్టరు కింద డైవరు. తొంభైల్లో సంగతి. ఓడల అడుగున అంటుకున్న నత్తగుల్లలు గీకడం, పంకాకి చుట్టుకుపోయిన వలలూ మోకులూ కోసి తీయడం ఆయన పని. పంకా అంటే ఓడ వెనక నీళ్ళలో తిరిగేది, ఒక్కో రెక్క మనిషి కంటే పెద్దది. హార్బరులో నీళ్ళు నల్లగా ఉంటాయి. పైన ఆయిలు, కింద ఖనిజం దుమ్ము. కళ్ళు తెరిచినా మూసినా ఒకటేనని అనేవాడు. చేతులతో తడుముకుంటూ పని చేసుకోవాలి. పడవ మీద మిషను నుంచి పైపులో గాలి వస్తుంది. నడుముకి కట్టిన తాడులో మాట వస్తుంది.

ఆ మాటలు కూడా నాలుగే. పైవాడు అడగడానికి ఒకసారి లాగుతాడు. కిందనుంచి ఒకసారి లాగితే బాగున్నాను అని. రెండు లాగితే ఇంకాస్త తాడు వదలమని. మూడు లాగితే పైకి వస్తున్నానని. ఆపకుండా లాగుతూనే ఉంటే ప్రాణం మీదికి వచ్చిందని. ఈ భాష ఆయన ఇంట్లో కూడా మాట్లాడేవాడు. నేను కోపంగా పొయ్యి దగ్గర కూర్చుంటే వెనకనుంచి వచ్చి నా కొంగు ఒకసారి లాగేవాడు. నేను పలకకపోతే మళ్ళీ ఒకసారి. నేను నవ్వకుండా ఎంతసేపు ఉండగలను!

తాడు పట్టేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. దిగినవాడి తాడు అయినవాళ్ళు పట్టకూడదు. కొడుకు తాడు తండ్రి పట్టడు, అన్న తాడు తమ్ముడు పట్టడు. ఎందుకని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"నెత్తురు భయపడతాదే," అన్నాడు. "భయపడితే లాగెత్తాది. కిందోడు ఏ సందులో ఉన్నాడో పైనోడికి ఏటి తెలుత్తాది? పరాయోడైతే నాను సెప్పిందే ఇంటాడు."

ఆయన తాడు పట్టేది సబ్బవరం వైపు మనిషి. పని దగ్గర తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఒకరింటికి ఒకరు వెళ్ళింది లేదు. అలా ఉండటమే మంచిదని ఆయన ఉద్దేశం.

ఆ రోజు ఆ సబ్బవరం మనిషి రాలేదు. తన పిల్లకి జ్వరమని కబురు పంపాడు. ఓడ కదలాలి, ఆగదు. అదే పడవ మీద గాలి మిషను చూసుకునే నా మరిది లేచి తాడు పట్టాడు. అన్న దిగాడు, తమ్ముడు పట్టాడు. సాయంత్రానికి ముడి ఊడిన తాడు పైకి వచ్చింది, మనిషి రాలేదు. మర్నాడు వేరే డైవర్లు దిగి తీసుకొచ్చారు.

అసలేం జరిగిందని మరిదిని నేను అడగలేదు. అతను చెప్పలేదు. మళ్ళీ పడవెక్కలేదు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఆదివారం ఆదివారం మా ఇంటికి వస్తాడు, పిల్లని ఎత్తుకుంటాడు, కూరలు ఇస్తాడు, గుమ్మం మెట్టు మీదే కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. పిల్ల పెద్దదై ఎత్తుకోవడం మానేశాక కూడా మెట్టు మాత్రం మానలేదు.

ఆ తాడు నాకు ఇచ్చారు. తగలబెట్టమన్నారు చుట్టాలు. నాకు చేతులు రాలేదు. పెరట్లో రెండు మేకులు కొట్టి బట్టలారేసుకోవడానికి కట్టాను. గాలి లేని మధ్యాహ్నాల్లో, ఆకు కూడా కదలనప్పుడు, ఆ తాడు ఒక్కోసారి బిర్రుగా సాగి మళ్ళీ వదులయ్యేది. ఆరిన బట్టలు తీసుకొస్తే వాటిలో హార్బరు ఆయిలు వాసన. పెరటి గుమ్మంలో ఎవరూ నీళ్ళు పోయకుండానే తడి. ఇవి ఎవరితోనూ అనలేదు. అంటే ఏ పూజారి దగ్గరికో తీసుకెళ్ళి ఆయన్ని తరిమించేస్తారని నా భయం. ఎవరూ లేనప్పుడు తాడు పట్టుకుని నేనే అడిగేదాన్ని: ఆఖర్న ఎన్ని లాగావు? బాగున్నానన్నావా, లాగమన్నావా? ఏళ్ళ తరబడి నాకు ఇంకో ప్రశ్న లేదు.

నా కూతురికి తండ్రి ముఖం సరిగా గుర్తు లేదు. ఆయన చెప్పిన ఒక మాట గుర్తుంది. అండమాను ఓడ రేవులో ఆగినప్పుడు దాని అడుగు గీకి వచ్చి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "ఆ ఓడ ఎల్లేకాడ నీళ్ళు అద్దమంటమ్మా. మునిగితే కాలిగోళ్ళు కూడా కనపడతాయంట. ఓసారి నిన్నూ మీ యమ్మనీ అట్టుకెల్తాను. సీకట్లో తడుముకోడవే గానీ సంద్రం అడుగు నాను సూళ్ళేదు." తీసుకెళ్ళకుండానే పోయాడు. అది ఆయన బదులు తను చూడాలని పిల్ల మనసులో పెట్టుకుంది. రుషికొండలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది, ఈత నేర్చుకుంది. ఇంత ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు, ఓడల అడుగున ఫొటోలు తీసే కుర్రాడినే ప్రేమించింది. వాళ్ళది ఆనందపురం దగ్గర వ్యవసాయం, పాడి. ఆ కుర్రాడి తల్లి సేపలోళ్ళ సంబంధమా అని మూతి తిప్పింది. పెళ్ళిలో నా పక్కన నిలబడి ఫొటో దిగడానికి కూడా బలవంతం చేయాల్సి వచ్చింది. నేనూ తక్కువ తినలేదు. పాలలో నీళ్ళు కలిపేవాళ్ళకి అంత పొగరెందుకని అందరూ వినేలాగే అన్నాను.

ఇప్పుడు ఆ వియ్యపురాలే మ్యాపుకి అటువైపు కూర్చుని ఉంది.

"ఆ పెద్ద అల ఒచ్చింది ఆ దీవికే కదరా?" అంది కొడుకుతో.

"అదెప్పుడో నాలుగేళ్ళ కిందట అమ్మా."

"సంద్రానికి నాలుగేళ్ళంటే ఏటి, నిన్నే. సరే, మీరిద్దరూ మునిగి తేలతారు, మేం ముగ్గురం ఇసకలో పీతలకి కాపలా కాత్తామా?"

"నీకు పడవలో అద్దం ఉంటాదమ్మా, అందులోంచి చేపలు కనపడతాయి."

"సేపలు సూడ్డానికి డబ్బులెట్టాలా? మీ అత్తోరి వీధిలోకొత్తే సాలదేటి, ముక్కు మూసుకోవాలి గానీ."

నా కూతురు నవ్వింది. నేను నవ్వలేదు. నా చూపు ఆ దీవి చుట్టూ ఉన్న నీలం రంగు మీదే ఉంది.

"తాడు ఎవరు పడతారు?" అన్నాను.

అల్లుడు మ్యాపు మీంచి వేలు తీశాడు. "ఇందులో తాడుండదు అత్తా. గాలి సీసా వీపుకే ఉంటాది. ఇద్దరం జంటగా దిగుతాం, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటాం."

"ఇద్దరూ కిందే ఉంటే పైన మీ కబురు ఎవరికి తెలుత్తాది?"

"నీళ్ళు తేటగా ఉంటాయత్తా."

"తేటగా ఉంటే ఊపిరి ఆగదేటి? తాడు లేకపోతే నాను పడవెక్కను బాబూ."

నా కూతురు నా మోకాలి మీద చెయ్యి వేసింది. "అమ్మా, నువ్వు పడవ మీద లేకపోతే నాను దిగను. దిగకపోతే అక్కడిదాకా ఎల్లడం ఎందుకు? మానీద్దాం." అంత నెమ్మదిగా అంది. చిన్నప్పుడు కూడా అంతే, ఏడ్చి అడగదు. మానీద్దాం అంటుంది, ముఖం తిప్పుకుంటుంది. ఆ ముఖం నేను చూడలేను.

అల్లుడు అక్కడి పడవాయనకి ఫోను చేశాడు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాడు. మొదట గట్టిగా నవ్వడం మా అందరికీ వినిపించింది. తర్వాత, లోతు లేని చోట లంగరేసి దింపుతాననీ, నడుముకి తాడు కట్టుకోవడానికి అభ్యంతరం లేదనీ అన్నాడు. తాడు సంగతి తేలింది. ఇంక ఎవరు పట్టాలన్నదే.

నా కూతురు గుమ్మం వైపు చూసింది. "సిన్నాన్నా," అని పిలిచే లోపే మెట్టు మీద మరిది లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను పట్టకూడదు, కన్నతల్లిని. అల్లుడు తనే నీళ్ళలో ఉంటాడు. లెక్క వేస్తే మిగిలింది ఒక్కతే. అందరం ఆవిడ వైపు తిరిగాం.

"నాకేసి సూత్తారేటి?" అంది వియ్యపురాలు. "నూతి తాడు తప్ప నాకింకోటి తెలీదు."

"గేదెల్ని పట్టావు కదమ్మా ఇన్నాళ్ళు," అన్నాడు కొడుకు.

"అయితే నీ పెళ్ళాం గేదేటిరా?"

"అత్తమ్మా, నాను పాలివ్వను, ముందే సెబుతన్నాను," అంది నా కూతురు.

వాళ్ళు నవ్వుతున్నారు. నా బిడ్డని వద్దనుకున్న మనిషి చేతిలో నా బిడ్డ ప్రాణం. కానీ కట్టుబాటు అడిగేది పరాయి చెయ్యినే. నేను చెప్పాను: "వదినా, నీ కొడుకు తాడు నాను పడతాను. నా కూతురు తాడు నువ్వు పట్టు."

ఆవిడ నవ్వు పోయింది. "అలగైతే సరే," అంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం పెరట్లో నేర్పించాను. బట్టలు తీసేసి ఆ తాడే విప్పాను. ఒక కొస పట్టుకుని నా కూతురు లోపలి గదిలో తలుపేసుకుంది. కిటికీలోంచి తాడు బయటికి వచ్చింది. రెండో కొస పట్టుకుని వియ్యపురాలు పెరట్లో పీట మీద కూర్చుంది. మరిది మామూలుగానే మెట్టు మీద ఉన్నాడు, ఇటు చూడకుండా.

మొదట ఆవిడ కిటికీలోకి కేకేసింది. "ఏటే పిల్లా, బాగున్నావా?"

"వదినా, నీళ్ళలోకి కేకలు ఎల్లవు. తాడుతో అడుగు."

అడిగింది. గేదెని కట్టుకొయ్యకి లాగినట్టు లాగింది. లోపల నా కూతురు మంచానికి తగిలి "ఓలమ్మో" అంది. మళ్ళీ నేర్పాను. కాసేపటికి ఆవిడకి చేతిలో పట్టు దొరికింది. "ఇది తెలిసినదే వదినా. గేదె బెదిరితే పలుపు ఒకలాగుంటాది, మేత్తంటే ఒకలాగుంటాది," అని తనంతట తనే కళ్ళు మూసుకుంది. రెండు అంది. లోపల్నుంచి అవునని మాట. మూడు అంది. అవునంది. ఒక్కటి కూడా తప్పలేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కళ్ళు మూసుకునే ఆవిడ ఒకసారి లాగి అడిగింది. కొంచెంసేపు ఆగింది.

"ఒకటి," అంది.

అప్పుడే నా కూతురు పక్క సందులోంచి టీ గ్లాసులు పట్టుకుని వస్తోంది.

"ఇంకా పట్టుకునే ఉన్నావేటి అత్తమ్మా? నాను టీ పెట్టడానికి ఎప్పుడో ఎల్లాను. తాడు మంచం కోడుకి ముడేసి ఎల్లాను."

వియ్యపురాలు కళ్ళు తెరిచింది. తాడు కిటికీ నుంచి వదులుగా వేలాడుతోంది. ఆవిడ దాన్ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది, వేడి వస్తువుని పెట్టినట్టు. "మరి లాగిందెవరు?" అని అడిగింది. ఎవరూ వేళాకోళం చేయలేదు. ఆయిలు వాసన నాకు మాత్రమే కాదు, వాళ్ళకీ వచ్చిందని ముఖాలు చూస్తే తెలిసింది.

మెట్టు మీంచి మరిది మాట్లాడాడు. ఇటు తిరగలేదు.

"ఆరోజూ ఒకటే వదినా."

వియ్యపురాలు పీట మీంచి అతని వైపు తిరిగింది.

"నాను అడిగాను. అన్న ఒకటి లాగాడు. బాగున్నానన్నాడు. నాకు నమ్మకం సాల్లేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఒకటే. ఓడ ఊగతంది, బుడగలు ఒకేకాడ ఒత్తన్నాయి, అన్న కదల్డం నేదనిపించింది. నా గుండె ఆగనేదు. లాగేసాను. అన్న పంకా రెక్కల మజ్జిన ఉన్నాడు. నాను లాగిన తాడే గాలి పైపుని రెక్కకి అదిమేసింది. పైపు తెగిపోనాది. ఒకటే అన్నాడు వదినా. నాను ఇనలేదు," అన్నాడు.

నేను ఏళ్ళుగా అడిగినదానికి జవాబు అది. బాగున్నాడు. ఆ చీకట్లో, ఆ రెక్కల మధ్య, బాగానే ఉన్నాడు. నాకు మరిది మీద కోపం రావాలి. రాలేదు. అతని స్థానంలో నేనున్నా లాగేసేదాన్నే, ఆ భయమే పట్టుకుంది నన్ను. తాడు చుట్టి గూట్లో పడేసి చెప్పాను, ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదని. నా కూతురు సరేనంది. ముఖం తిప్పుకుంది. అల్లుడు మ్యాపు మడిచాడు. మరిది వెళ్ళిపోయాడు, ఆ తర్వాతి ఆదివారం రాలేదు.

వచ్చింది వియ్యపురాలు. ఆనందపురం నుంచి బస్సు దిగి, ఒక్కతే, చేతిలో సంచితో. ఎప్పుడూ అలా రాలేదు. సంచిలోంచి పలుపు తాడు తీసి నా ముందు వేసింది.

"రోజూ మా పాలేరు సేత గోడవతల్నుంచి లాగింసుకుంతన్నాను. నన్ను సూసి ఊరు నవ్వతంది. ఒక్కటీ తప్పలేదు."

"వదినా, నా వల్ల కాదు. అది కిందుంటే నాను పైన బతకలేను."

"నువ్వు బతకలేవు కాబట్టే నాను పడతాను. అది ఒకటంటే ఒకటే. నాను లాగను." నీళ్ళు తాగి, గ్లాసు దించి, నా కళ్ళలోకి చూసి అంది: "నీకో మాట సెబుతాను, ఏటీ అనుకోకు. భయపడిపోడానికి నాకు దాని మీద నీకున్నంత ఇష్టం నేదు కదా."

ఇంకెవరైనా ఆ మాట అంటే జుట్టు పట్టుకునేదాన్ని. నాకు అప్పుడు ఆ మాట కంటే పెద్ద భరోసా దొరకలేదు. టిక్కెట్లు తీయమని అల్లుడికి నేనే చెప్పాను. మరిది ఇంటికి నేనే వెళ్ళి, నువ్వు రాకపోతే మెట్టు కూడా ఎక్కనివ్వనని చెప్పాను.

ఓడ హార్బరు కాలవలోంచి కదిలి కొండ పక్కగా బయటికి వెళ్ళేటప్పుడు మరిది కింద గదిలోనే ఉన్నాడు. నేను పైన నిలబడి నల్లటి నీళ్ళు చూశాను. ఆ తాడు నా చేతి సంచిలో ఉంది. అల్లుడు కొత్త తాడు కొన్నాడు గానీ అది నేను పట్టడానికి. నా కూతురు నడుముకి మాత్రం తండ్రి తాడే కావాలంది.

అక్కడి నీళ్ళ గురించి ఆయన విన్నది అబద్ధం కాదు. లంగరు ఇసకలో ఎలా పడుకుందో పడవలోంచి కనిపించింది. నా కూతురు కళ్ళకీ ముక్కుకీ అద్దం పెట్టుకుని, నాకు చెయ్యి ఊపి, వెనక్కి పడింది. తెల్లటి బుడగల్లోంచి కిందికి వెళ్ళడం, కాళ్ళు ఆడించడం అంతా చూశాను. తర్వాత ఇద్దరూ ఒక పెద్ద పగడపు దిబ్బ అవతలికి వెళ్ళారు. కనిపించడం మానేశారు. తాళ్ళు మాత్రమే నీళ్ళలోకి వంగి ఉన్నాయి.

వియ్యపురాలు కళ్ళు మూసుకుంది. ఒకసారి లాగి అడిగింది. ఆగింది. "ఒకటి," అంది.

బుడగలు ఒకే చోట వస్తున్నాయి. కదలడం లేదు. మరిది పడవ చివర అటు తిరిగి కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"మళ్ళీ అడుగు వదినా."

అడిగింది. "ఒకటి."

నా ఎడమ చేతిలో అల్లుడి తాడు ఉంది. అతను కూడా ఒకటే చెప్పాడు. కానీ నా కుడి చెయ్యి నా మాట వినలేదు. నా కూతురి తాడు మీదికి వెళ్ళి పట్టుకుంది. పట్టుకుని బిగించింది. ఇంకొక్క క్షణమైతే లాగేదాన్ని.

వియ్యపురాలు కళ్ళు తెరవకుండానే నా చేతి మీద ఫెడీమని కొట్టింది. "ఒకటంది కదా. తియ్ సెయ్యి."

చెయ్యి మండింది. తీసేశాను. పడవాయన బిత్తరపోయి చూస్తున్నాడు. మరిది మొదటిసారి ఇటు తిరిగాడు, నా చేతిని చూశాడు. నేను కూడా అతనిలాగే ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఆవిడ "మూడు," అనేదాకా ఆ చెయ్యి బయటికి తీయలేదు.

పైకొచ్చింది. అద్దం తీసేసి, దగ్గుతూ నవ్వుతూ, పడవ అంచు పట్టుకుని వేలాడింది. "అమ్మా, కాలిగోళ్ళు కనపడ్డాయే," అంది. అల్లుడు దాన్ని పైకి నెట్టాడు. నడుముకున్న తాడు విప్పి నీళ్ళలోకి జారవిడిచి, తువ్వాలు కప్పుకుని చిన్నాన్న పక్కన కూర్చుంది. మరిది దాని తల తుడుస్తూ ఉండిపోయాడు.

వియ్యపురాలు ఖాళీ తాడు చుట్టుకుంటోంది. సగం చుట్టి ఆగిపోయింది. నా వైపు తిరిగి ఒక వేలు పైకెత్తి చూపించింది. కొస నీళ్ళలోనే ఉంది, దానికి ఎవరూ లేరు.

"ఎల్దామా అమ్మా, ఎండెక్కుతంది," అన్నాడు పడవాయన.

"కొంచెం ఆగు నాయినా," అన్నాను. వియ్యపురాలికి మెల్లగా చెప్పాను.

"లాగకు వదినా. ఉండనీ."